హోబర్ట్ కోసం వదిలిన రింగు

హోబర్ట్ మజిలీలో గుర్రాన్ని కట్టేసి పడుకుంటే తెల్లారేసరికి అది అక్కడ ఉండదు. మా లోయలో గుర్రం ఉన్న ప్రతివాడూ ఈ మాట అంటాడు. గుర్రం లేనివాళ్లు ఇంకా గట్టిగా అంటారు.

చూడ్డానికి మాత్రం అందమైన చోటు. కాలిబాట మొదలయ్యే చోట గుర్రాల్ని తెచ్చిన ట్రెయిలర్లు వదిలేసి, పొద్దుటి నుంచి జీను మీద కూర్చుంటే సాయంత్రానికి చేరతాం. వాగు వంపు తిరిగే దగ్గర చదునైన నేల, చుట్టూ స్ప్రూస్ చెట్లు, అటవీ శాఖవాళ్లు నిప్పు కోసం పాతిన ఇనుప చట్రం, ఎలుగుబంటి అంచులు కొరికేసిన ఒక బోర్డు. గుర్రాల కోసం రెండు పెద్ద చెట్ల మధ్య, మనిషి చెయ్యి చాపితే అందే ఎత్తులో బిగించి కట్టిన తాడు ఉంటుంది. దాన్ని హైలైన్ అంటాం. దానికి వరసగా ఇనుప రింగులు. ఒక్కో రింగుకి ఒక్కో గుర్రం పగ్గం కట్టి, మనం డేరాల్లో దూరి పడుకోవాలి.

పడుకుంటాం. అర్ధరాత్రి ఎక్కడో గిట్టల చప్పుడు... దూరమవుతూ... ఆ తర్వాత వాగు మోత తప్ప ఏమీ వినిపించదు.

పొద్దున్నే చూస్తే పగ్గం తెగి ఉండదు. కొరికిన గుర్తులుండవు. ముడి విప్పి ఉంటుంది. ఎవరో వేళ్లతో, తీరిగ్గా, కాఫీ తాగుతూ విప్పినట్టు.

అది హోబర్ట్ పని అంటారు. కొండ మీద మంటలు కనిపెట్టే కాపలా బురుజుకి కంచరగాడిదల మీద సామాను మోసిన మనిషి. ఒక అక్టోబరు రాత్రి ఇక్కడ మజిలీ చేశాడు. గుర్రాన్ని సరిగ్గా కట్టలేదు. అది వెళ్లిపోయింది. మంచు దిగింది. మనిషి శవాన్ని వసంతంలో కొండ దించారు. తన గుర్రం ఊడిపోయింది కాబట్టి ఇంకెవరి గుర్రమూ కట్టి ఉండకూడదని ఆ ఆత్మ పంతం పట్టింది — మా గుర్రపు సవారీ సంఘం నమ్మకం ఇది.

చచ్చినవాడి మీద నేరం మోపితే వాడు వచ్చి కాదనడు. మా సంఘానికి ఇది బాగా కలిసొచ్చింది. సాయంత్రం బీరు తాగి, చలికి వేళ్లు కొంకర్లు పోయి, ముడి ఏదో ఒకలా వేసి నిద్రపోయినవాడు కూడా పొద్దున లేచి ఖాళీ రింగు చూసి టోపీ తీసి, "హోబర్ట్!" అనేవాడు. మిగతావాళ్లు కూడా టోపీలు తీసేవాళ్లు. ఎవరూ ఎవర్నీ ముడి గురించి అడిగేవాళ్లు కాదు.

సంఘం ప్రెసిడెంటు గేలెన్ స్ట్రౌడ్ మీద హోబర్ట్‌కి ప్రత్యేకమైన అభిమానం. ట్రాక్టర్లు అమ్మి రిటైరైన మనిషి. పెద్ద గొంతు, ఇంకా పెద్ద బెల్టు బిళ్ల. ఆయన గుర్రం పేరు సెనేటర్. ఆ మజిలీలో సెనేటర్ ఎన్నిసార్లు ఊడిపోయిందో ఆయనే చెప్పుకునేవాడు. చర్చి పాన్‌కేకుల విందులో, సిరప్ పోసుకుంటూ, దెయ్యం తననే ఎంచుకున్నందుకు కాస్త గర్వపడుతూ.

కానీ రెండేళ్ల కిందటి వేసవిలో ఊడిపోయింది నెడ్రా క్వాలే గుర్రం.

నెడ్రా మా లోయలో బడి బస్సు నడిపిన మనిషి. సగం ఊరు ఆవిడ బస్సులో కూర్చుని పెద్దదైంది. భర్త లార్స్ పోయాక కూడా జూనిపర్ అనే ఆడగుర్రాన్ని పెట్టుకుని, ప్రతి వేసవీ సంఘంతో కొండెక్కేది. పైగా అంతకుముందు అక్టోబరులో గేలెన్ మీద ప్రెసిడెంటు పదవికి పోటీ చేసి, వెంట్రుకవాసిలో ఓడిపోయింది. మళ్లీ నిలబడతానని కూడా అంది.

జూనిపర్ ఊడిపోయిన పొద్దున ఎవరూ టోపీ తియ్యలేదు.

"పాపం, వయసు," అన్నాడు గేలెన్. "వేళ్లలో పట్టు ఉండదు. ఆమె తప్పు కాదు."

తర్వాతి మీటింగులో ఆయన ఒక నియమం తెచ్చాడు. ఎవరి గుర్రం రెండుసార్లు ఊడిపోతుందో వాళ్లు ఇక కొండ మజిలీలకు రాకూడదు. భద్రత కోసం. వెనక బెంచీలోంచి ఎవరో అడిగారు:

"మరి హోబర్ట్ విప్పినవో?"

"హోబర్ట్ కేసులు లెక్కలోకి రావు."

"ఏది హోబర్ట్ కేసో ఎవరు తేలుస్తారు?"

"ప్రెసిడెంటు," అన్నాడు గేలెన్.

చేతులెత్తారు. నియమం పాసైంది.

నెడ్రాకి ఇది ఆషామాషీ విషయం కాదు. భుజం పట్టేసిన మనిషి, సామాను పెట్టెల్ని ఒక్కతే కంచరగాడిద వీపు మీదికి ఎత్తలేదు. సంఘం వద్దంటే ఆవిడకి కొండ లేదు. జూనిపర్‌కి వయసు మళ్లింది. ఆ గుర్రానికి ఇంకా కొన్ని వేసవులే ఉన్నాయి, ఆవిడకి ఎన్నున్నాయో ఆవిడకే తెలియదు. ఇంకొక్కసారి ఊడితే చాలు... అవి కూడా లోయలో కంచె పట్టుకుని, కొండల్ని చూస్తూ గడపాలి.

కిందటేడు ఆగస్టులో జరిగింది నేను చూడలేదు. వెళ్లింది నలుగురు: గేలెన్, ఆయన భార్య వెల్డా, వెల్డా తమ్ముడు డోయల్, నెడ్రా. ముగ్గుర్ని విడివిడిగా అడిగి, మాటలు కలిసిన చోట నమ్మాను. గేలెన్‌నీ అడిగాను. ఆయన ఈ ఏడు గడ్డి ఎలా పండిందో చెప్పాడు.

సాయంత్రం ఎండ చెట్ల పైకి ఎక్కేసరికి మజిలీ చేరారు. జీనులు దించారు. గుర్రాలకి వాగులో నీళ్లు పట్టారు. హైలైన్ దగ్గరికి తెచ్చి కట్టడం మొదలుపెట్టారు.

అక్కడొక అలవాటుంది. తాడు చివర, పిడుగు పడి ఎండిపోయిన స్ప్రూస్ పక్కన ఉన్న రింగుని ఖాళీగా వదిలేస్తారు. అది హోబర్ట్ గుర్రానిది. ఎవరు మొదలుపెట్టారో తెలియదు. లార్స్ క్వాలే ఉన్నన్నాళ్లూ తప్పకుండా పాటించాడు.

"దెయ్యానికి పార్కింగు!" అన్నాడు గేలెన్. ఏటా అంటాడు. అని, సెనేటర్‌ని ఆ రింగుకి వీలైనంత దూరంగా, తాడు ఈ చివర కట్టుకున్నాడు. అదీ ఏటా చేస్తాడు.

ఆయన పక్కన వెల్డా గుర్రం, ఆ తర్వాత సామాను మోసే జంతువు, తర్వాత డోయల్ ఎక్కే కంచరగాడిద పెర్ల్, ఆఖరున జూనిపర్. దాని అవతల ఖాళీ రింగు.

నెడ్రా పగ్గం ముడి వేసి, కొస లాగి చూసి, మళ్లీ విప్పి, మళ్లీ వేసింది. గేలెన్ బొటనవేళ్లు బెల్టులో దూర్చుకుని వచ్చి నిలబడ్డాడు.

"ఏమ్మా నెడ్రా, గట్టిగా పడిందా? నన్ను వెయ్యమంటావా?"

"చెయ్యి పెట్టి చూడు. రేపు కాఫీ ఎడమ చేత్తో తాగుతావు."

డోయల్ నవ్వు ఆపుకోవడానికి పెర్ల్ గిట్టలు చూడ్డం మొదలుపెట్టాడు. నెడ్రా అన్నది వట్టి దురుసుతనం కాదు. గుర్రాలతో కొండెక్కేవాళ్లకి మొట్టమొదట నేర్పేదే అది: ఇంకొకరి ముడి ముట్టుకోకూడదు. సాయం చేద్దామన్నా సరే, అడక్కుండా ముట్టుకోకూడదు. ఎవరి గుర్రానికి వాళ్ల చెయ్యి. ఒకడు వేసిన ముడి మీద ఇంకొకడి చెయ్యి పడితే, రాత్రి ఆ గుర్రం ఊడితే, ఎవర్ని అనాలి? భార్యాభర్తలు కూడా ఒకరి ముడి ఒకరు ముట్టుకోరు.

రాత్రి బేకన్ వేయించారు. చిక్కుడు గింజల కూర వేడిచేశారు. మిగిలిన తిండిని ఎలుగుబంట్లకి అందకుండా సంచిలో కట్టి చెట్టుకి వేలాడదీశారు. డోయల్ విస్కీ సీసా తీశాడు. మంట చుట్టూ కూర్చున్నాక గేలెన్ గొంతు తగ్గించి హోబర్ట్ కథ అందుకున్నాడు. అక్కడున్న అందరికీ ఆ కథ తెలుసు. అయినా చెప్పాడు.

అయిపోయాక నెడ్రా అంది, "లార్స్ చెప్పింది వేరు."

"లార్స్ ఏం చెప్పాడు?" అంది వెల్డా.

"హోబర్ట్ ముడి బాగానే వేశాడట. రాత్రి ఈ దారిన ఇంకెవడో వచ్చాడు. వాడి గుర్రం కుంటిదైంది. హోబర్ట్ నిద్రపోతుంటే పగ్గం విప్పుకుని, హోబర్ట్ గుర్రమెక్కి పోయాడు. తర్వాత మంచు దిగింది. వసంతంలో దొరికినప్పుడు హోబర్ట్ ఆ చెట్టు కిందే కూర్చుని ఉన్నాడట. ఖాళీ రింగు కింద."

మంటలో కట్టె చిటపటలాడింది.

"ఆ మనిషి ముళ్లు విప్పడు," అంది నెడ్రా. "కాపలా కాస్తాడు. కంచరగాడిదల మీద సామాను మోసిన పాతవాళ్లంతా అలాగే చెప్పేవాళ్లట."

గేలెన్ పెద్దగా నవ్వాడు. "కాపలానా! మరి నా సెనేటర్‌ని ఎవరు విప్పినట్టు?"

"నీ ముడి," అంది నెడ్రా.

డోయల్‌కి విస్కీ ముక్కులోంచి వచ్చింది. వెల్డా అయితే కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వింది. గేలెన్ నవ్వలేదు. మంటలోకి చూస్తూ కూర్చున్నాడు. తర్వాత జరిగినదానికంతా ఆ నవ్వే కారణమని డోయల్ అంటాడు. "మా అక్క అలా నవ్వకుండా ఉండాల్సింది," అన్నాడు నాతో. కాస్త ఆలోచించి, "కానీ భలే నవ్వొచ్చింది," అన్నాడు.

మంట బూడిదైంది. డేరాల్లో దీపాలు ఆరిపోయాయి.

నెడ్రా పడుకోలేదు. సామాను పెట్టెల మీద కప్పే మందపాటి తెల్ల గుడ్డని భుజాల చుట్టూ కప్పుకుని, చప్పుడు కాకుండా వెళ్లి పిడుగు పడిన చెట్టుకి ఆనుకుని కూర్చుంది. ఎదురుగా ఖాళీ రింగు. దాని అవతల జూనిపర్. కొండల్లో ఆగస్టు రాత్రికి మా లోయలో నవంబరంత చలి ఉంటుంది. చంద్రుడు లేడు, చుక్కల వెలుగే. గుర్రాల బరువైన ఊపిరి... ఎప్పుడో ఒకసారి గిట్ట మార్చుకునే చప్పుడు... కిందెక్కడో వాగు.

చాలాసేపు ఏమీ లేదు.

తర్వాత పెర్ల్ చెవులు నిక్కబొడుచుకున్నాయి.

చీకట్లో మనం చూడాల్సింది గుర్రం చెవులు కాదు. గుర్రం ఆకు రాలినా బెదురుతుంది. కంచరగాడిద అలా కాదు. అది చెవులు ఎత్తిందంటే అక్కడ నిజంగా ఏదో ఉందన్నమాట.

డేరాల వైపు నుంచి... తెల్లగా... ఏదో వస్తోంది.

మెడ నుంచి మడమల దాకా తెల్లగా ఉంది. ముఖం లేదు. ముఖం ఉండాల్సిన చోట నల్లగా, అడ్డంగా, వెడల్పుగా ఏదో ఉంది. ఒక అడుగు వేసి ఆగుతోంది. మళ్లీ ఒక అడుగు. ఎండిన పుల్ల విరిగితే కదలకుండా నిలబడి, చాలాసేపు నిలబడి, మళ్లీ కదులుతోంది. చేతిలో దీపం లేదు. ఈ కొండల్లో బతికున్న మనిషి ఎవడూ దీపం లేకుండా అడుగు బయట పెట్టడు.

నెడ్రా వెన్నెముక చెట్టు బెరడుకి అతుక్కుపోయింది.

అది హైలైన్ దగ్గరికి వచ్చింది. సెనేటర్ వైపు చూడలేదు. రెండో గుర్రాన్ని దాటింది. సామాను జంతువుని దాటింది. పెర్ల్‌ని దాటేటప్పుడు కాస్త దూరంగా జరిగి నడిచింది.

జూనిపర్ ముందు ఆగింది.

తెల్లటి చెయ్యి మెల్లిగా పైకి లేచింది. రింగుని తడిమింది. ముడిని తడిమింది. పగ్గం కొస పట్టుకుని... లాగింది...

"ఆ ముడి వదిలెయ్."

గట్టిగా అరిచింది కాదు. పక్కన నిలబడినవాడితో చెప్పినట్టు, నింపాదిగా, మంచు పట్టిన గొంతుతో వచ్చిన మాట.

ఆ తర్వాత వచ్చిన కేక మాత్రం దెయ్యానిది కాదు. సంఘం మీటింగుల్లో "నిశ్శబ్దం! నిశ్శబ్దం!" అని బల్ల గుద్దే గొంతే అది. తెల్లటి ఆకారం టోపీ వదిలేసి, చలికి వేసుకునే పొడుగాటి తెల్లటి లోపలి బట్టల్లో, చెట్ల మధ్య నుంచి పరుగెత్తింది. దారి ఉన్నవైపు కాదు. వాగు ఉన్నవైపు.

నీళ్ల చప్పుడుకి డోయల్ లేచాడు. ఎలుగుబంటి అనుకుని రెండు గిన్నె మూతలు పట్టుకుని వాయిస్తూ బయటికొచ్చాడు. తీరా చూస్తే వాగులో మోకాళ్ల లోతులో నిలబడి, చేతులు పైకెత్తి, బావ.

మంట మళ్లీ రాజేశారు. గేలెన్‌కి సెనేటర్ జీను కింద వేసే దుప్పటి కప్పారు. పళ్లు టకటకలాడుతున్నాయి. వెల్డా పక్కన కూర్చుని ఆయన మేజోళ్లు పిండుతోంది.

"చూశాను..." అన్నాడు గేలెన్. "హోబర్ట్‌ని... చెట్టు దగ్గర... తెల్లగా..."

"కళ్లద్దాలు పెట్టుకున్నావా?" అంది వెల్డా.

"మాట్లాడాడే! నాతో మాట్లాడాడు!"

డోయల్ దగ్గరికి జరిగి గొంతుక్కూర్చున్నాడు. గుసగుసగా అడిగాడు. "ఏమన్నాడు బావా?"

"వదిలెయ్ అన్నాడు! ఆ ముడి వదిలెయ్ అన్నాడు!"

కట్టె చిట్లింది. నిప్పురవ్వలు పైకి లేచి ఆరిపోయాయి.

"ఏ ముడి, బావా?" అన్నాడు డోయల్.

డోయల్ తెలివితేటల గురించి మా లోయలో ఎవరికీ భ్రమల్లేవు. ఇరికిద్దామని అడగలేదు, నిజంగా తెలుసుకోవాలనే అడిగాడు అంటుంది వెల్డా. గేలెన్ నోరు తెరిచాడు. మూశాడు. మళ్లీ తెరిచాడు.

"అంటే... నేను... సరిగ్గా ఉందో లేదో చూద్దామని..."

"ఎవరిది?" అన్నాడు డోయల్.

గేలెన్ దుప్పటిని మెడ దాకా లాక్కున్నాడు.

అప్పుడే నెడ్రా చీకట్లోంచి మంట వెలుగులోకి వచ్చింది. భుజాల మీద తెల్ల గుడ్డ, జుట్టులో స్ప్రూస్ ఆకులు, చేతిలో గేలెన్ టోపీ. ఆవిణ్ని చూసి గేలెన్ ఇంకోసారి కేక పెట్టబోయి ఆపుకున్నాడు.

"జూనిపర్ పగ్గం సగం విప్పి ఉంది," అంది. "మళ్లీ కట్టొచ్చాను. ఈ టోపీ దాని కాళ్ల దగ్గర దొరికింది."

వెల్డా మేజోళ్లు పిండడం ఆపేసింది.

"కడుపు గడబిడగా ఉంది, చెట్టు చాటుకి వెళ్లొస్తా అన్నావు."

"వెల్డా, విను —"

"ఆ చెట్లు ఇటు ఉన్నాయి గేలెన్. గుర్రాలు అటు ఉన్నాయి."

"ప్రెసిడెంటుగా నా మీద ఒక బాధ్యత ఉంటుంది. భద్రత —"

"లోపలి బట్టలతోనా?"

దుప్పటి నుంచి సెనేటర్ చెమట వాసన వస్తోంది. నెడ్రా టోపీకి అంటిన మట్టి దులిపి, ఆయన మోకాలి మీద పెట్టింది.

"హోబర్ట్ కేసులు లెక్కలోకి రావన్నావు కదా," అంది. "మరి దీన్ని ఏ కేసు కింద వేద్దాం, ప్రెసిడెంటు గారూ?"

ఈ కథ కొండ దిగడానికి వాళ్ల గుర్రాల కంటే తక్కువ సమయమే పట్టింది. దాణా కొట్లో ఒకలా, మంగలి షాపులో ఒకలా చెప్పుకున్నారు. నెడ్రా తెల్ల గుడ్డ కప్పుకుని గొంతు మార్చి దెయ్యంలా మాట్లాడిందని అందరూ ఒకే మాట మీద ఉన్నారు. పెద్దావిడ భలే బుద్ధి చెప్పిందన్నారు. అంతకుముందు ఏడు చేతులెత్తి నియమం పాస్ చేసినవాళ్లే ఎక్కువగా నవ్వారు.

అక్టోబరులో, రెండేళ్లకోసారి జరిగే సంఘం ఎన్నికలు వచ్చాయి. గేలెన్ పోటీ చెయ్యలేదు. నడుం నొప్పి అన్నాడు. నెడ్రా ప్రెసిడెంటయింది. ఆవిడ తెచ్చిన మొదటి మార్పు చిన్నదే: హోబర్ట్ కేసులంటూ ఇక ఉండవు. గుర్రం ఊడితే ముడి వేసినవాడిదే తప్పు. ఓటు వేసేటప్పుడు హాల్లో ఎవరూ ఎవరి మొహం చూసుకోలేదని చెప్పారు. ఆ మరుసటి వేసవి మొత్తం ఆ మజిలీలో ఒక్క గుర్రం కూడా ఊడలేదు. అన్నేళ్లు అంత శ్రద్ధగా పనిచేసిన దెయ్యం ఒక్క తీర్మానంతో మానేసింది.

దీన్ని ఇక్కడితో ఆపేద్దామనుకున్నాను. నవ్వుకోవడానికి సరిపడా ఉంది. కానీ పాత అలవాటు — ఒక మాట నేరుగా అన్న మనిషి నోట వినకుండా రాయబుద్ధి కాదు. ఒక మధ్యాహ్నం మళ్లీ నెడ్రా ఇంటికి వెళ్లాను. ఆవిడ కొట్టంలో జూనిపర్ గిట్టలు శుభ్రం చేస్తోంది.

"ఆ రాత్రి ఏ గొంతుతో అన్నావో ఒకసారి అను," అన్నాను.

"ఏ గొంతు?"

"అదే... ఆ ముడి వదిలెయ్ అన్నావు కదా."

నెడ్రా గిట్ట వదిలేసి నిటారుగా నిలబడింది. కొట్టం తలుపు వైపు ఒకసారి చూసింది.

"నువ్వు ఒక్క సంగతి రాయకూడదు," అంది. "ఆ రాత్రి నా జేబులో దుప్పి మాంసం వరుగు ఉంది. నిద్ర రాకుండా నమలడానికి. ఎలుగుబంట్లు తిరిగే చోట జేబులో తిండి పెట్టుకున్నానని తెలిస్తే నన్ను నేనే సంఘంలోంచి తీసెయ్యాలి."

"రాయను," అన్నాను. నెల తిరక్కుండా ఆవిడే మీటింగులో లేచి ఆ సంగతి చెప్పేసింది కాబట్టి రాస్తున్నాను.

"గేలెన్ చెయ్యి ఎత్తినప్పుడు నా నోటి నిండా వరుగు ఉంది. అరుద్దామనుకున్నాను. మింగుడు పడలేదు. ఉమ్మేద్దామనుకున్నాను..." ఆవిడ జూనిపర్ మెడ మీద చెయ్యి వేసింది. "ఆ మాట నేను అన్లేదు."

"మరి డోయల్?"

"డోయల్ గురక నాకు అక్కడికి వినిపిస్తూనే ఉంది."

"ఎటు నుంచి వచ్చింది?"

"నాకూ జూనిపర్‌కీ మధ్య నుంచి. ఖాళీ రింగు దగ్గర నుంచి. గేలెన్ నా వైపు చూడనే లేదు. నేనక్కడ ఉన్నట్టే ఆయనకి తెలీదు. రింగు వైపే చూశాడు... కేక పెట్టాడు."

"నీకేం కనిపించింది?"

"ఏమీ లేదు. చీకటి. కానీ వాసన వచ్చింది. తడిసిన గుర్రం వాసన. జూనిపర్ వాసన నాకు తెలుసు. అది జూనిపర్ కాదు." జూనిపర్ మెడ నిమురుతూ అంది, "ఇది మాత్రం చిన్నగా సకిలించింది. తెలిసిన గుర్రాన్ని చూస్తే సకిలిస్తుందే, అలాగ."

నెడ్రా వంగి మళ్లీ జూనిపర్ గిట్ట పట్టుకుంది.

"ఎందుకు చెప్పలేదు మరి ఎవరికీ?"

"చెప్తే ఏమవుతుంది? మళ్లీ ప్రతివాడూ తన గుర్రం ఊడితే హోబర్ట్ మీదికే తోస్తాడు. చాలు, ఇన్నేళ్లు మోశాడు పాపం."

నేను బయల్దేరబోయాను. నెడ్రా ఇంకా చెప్పడం పూర్తి చెయ్యలేదు.

మజిలీ వదిలే పొద్దున ఎవరి గుర్రం కింద లద్దె వాళ్లే ఎత్తి, దూరంగా చల్లి, గిట్టలు గీరిన గుంట పూడ్చి పోవాలి. ఇంకొకరి ముడి ముట్టుకోకూడదన్నంత గట్టి నియమమే అది. ఆ పొద్దున కూడా ఎవరూ ఎవరితో మాట్లాడకుండా ఆ పని చేశారు. వెల్డా తన గుర్రానిది తీసింది. డోయల్ సామాను జంతువుదీ, పెర్ల్‌దీ తీశాడు. నెడ్రా జూనిపర్‌ది తీసింది. గేలెన్ సెనేటర్ కింద శుభ్రం చేసి నడుం పట్టుకుని లేచాడు.

ఇంకొకటి మిగిలింది.

ఖాళీ రింగు కింద నేల గిట్టలతో గీరి, గుంట పడి ఉంది. గుర్రం రాత్రంతా ఒకేచోట నిలబడి విసుగెత్తితే గీరుతుందే, అలా. దాని వెనక లద్దె. జూనిపర్ పగ్గం పొట్టిది. అక్కడి దాకా అందదు. డోయల్ పట్టుకుని కొలిచాడు కూడా.

"ఇదెవరిది?" అన్నాడు డోయల్.

ఎవరూ మాదనలేదు.

చాలాసేపటికి గేలెన్ పార తీసుకున్నాడు. ఎవరూ చెప్పలేదు. ఎవర్నీ చూడలేదు. వెళ్లి, టోపీ తీసి పక్కన పెట్టి, వంగి, దాన్ని పారలోకి ఎత్తాడు.

"ఆ చలికి," అంది నెడ్రా, "అది ఇంకా ఆవిర్లు కక్కుతోంది."